పక్కపక్కన పెట్టిన చాకూ ఫోర్కూ

“రెండూ తెస్తాను మేడమ్. ఒకటే ఎంచుకోవాలని ఎక్కడా లేదు,” అని సొట్టబుగ్గల వెయిటర్ ఈరోజు బుధవారం అన్నంత మామూలుగా అనేసరికి, మెనూ మీద ఆమె ఆనించిన రెండు వేళ్ళూ, ఒకటి పుట్టగొడుగుల సూపు మీద, ఇంకొకటి చీజ్ కూరిన టమాటా మీద, ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రెండూనా, అంది. మూడైనా సరే, అన్నాడు వెయిటర్, తర్వాత వచ్చే అసలు వంటకాలూ అంతే, రెండు కావాలంటే రెండు, చిన్న చిన్నగా నాలుగు కావాలన్నా వంటవాళ్ళకి చెబుతాను, అన్నీ టికెట్టులో ఉన్నవే కదా. ఆమెకి లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపాలనిపించింది, కానీ ఒళ్ళో తెల్ల న్యాప్‌కిన్ ఉంది, అది పరిచింది కూడా ఆ వెయిటరే, పసిపిల్లకి గౌను సర్దినట్టు, లేస్తే జారిపోతుంది, జారితే వంగి తీసుకోవాలో వద్దో ఓడవాళ్ళు గదిలో పెట్టిన కాగితంలో రాయలేదు, అందుకని కూర్చున్నచోటే కాళ్ళు మాత్రం ఆడించింది. నిన్న సాయంత్రం, అంటే ఈ ఓడ ఎక్కిన మొదటిరోజు, ఇదే కిటికీ పక్క టేబుల్ దగ్గర ఇదే మెనూ పట్టుకుని, మనిషికొకటే కాబోలనుకుని పావుగంట మీనమేషాలు లెక్కపెట్టి, చివరికి ఏదో ఆకుల సలాడ్ చెప్పుకుని, పక్క టేబుల్ మామ్మగారికి వచ్చిన పొగలు కక్కే సూపు వంక దొంగచూపులు చూస్తూ ఆ ఆకులన్నీ మేకలా నమిలింది. నాలుగు రోజుల ప్రయాణంలో ఒకటి ఆకులపాలైంది. పోనీలే, ఇంకా మూడున్నాయి, మూడు సాయంత్రాలంటే, మనిషికి మూడేసి చొప్పున, ఇద్దరికీ కలిపి, మనసు అప్పుడే వేళ్ళు మడవడం మొదలుపెట్టింది, అత్తయ్యకి చెప్పాలి, ఈ ప్రయాణం ఆ మేనత్త ఇచ్చిన పెళ్ళికానుకే కదా, బయల్దేరేటప్పుడు చెవిలో చెప్పింది కూడా, ఒసే, అక్కడ మొహమాటపడి కడుపు మాడ్చుకోకు, అడగందే అమ్మైనా పెట్టదు, అని.

“మీకేం చెప్పమంటారు?” అని ఎదురుగా కూర్చున్న భర్తని అడిగింది.

“నీ ఇష్టం,” అన్నాడు అతను.

నీ ఇష్టం. పెళ్ళయి పంతొమ్మిది రోజులు, వేరే కాపురం పెట్టి పదమూడు, ఈ మాట ఎన్నిసార్లు విందో. కర్టెన్లు పచ్చవా, నీలమా, నీ ఇష్టం. మంచం కిటికీ వైపా, గోడ వైపా, నీ ఇష్టం. మొదట్లో ఆ మాట వింటే ఎండలో నడుస్తుంటే ఎవరో గొడుగు పట్టినట్టుండేది, ఎంత మెత్తటి మనిషి దొరికాడే అని తనలో తనే మురిసిపోయేది, స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి నీ ఇష్టం, నీ ఇష్టం అని అతని గొంతుతో అనుకుని నవ్వుకునేది కూడా. అసలు ఆ గొంతు మొట్టమొదట విన్నది అత్తయ్య కళ్ళజోళ్ళ షాపులో. అక్కడ ఆమె పని చూపు పరీక్ష చెయ్యడం, చీకటిగదిలో మనిషిని కూర్చోబెట్టి ముక్కు మీద గుండ్రటి బరువు ఫ్రేము తగిలించి, ఒక అద్దం పెట్టి ఇది బాగుందా, అది తీసి ఇంకోటి పెట్టి ఇది బాగుందా అని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పాతికమందిని అడగడం. రెండోది అంటారు కొందరు, మొదటిది అంటారు కొందరు, మళ్ళీ ఒకసారి చూపించమ్మా అని విసిగిస్తారు ముసలివాళ్ళు, కానీ ఏ జవాబూ లేకుండా పోయినవాళ్ళు లేరు, ఈయన ఒక్కడే. ఆరోజు అందరిలాగే గళ్ళ చొక్కా వేసుకుని చీటీ పట్టుకుని వచ్చాడు, ఇదా, ఇదా అని అడిగితే, రెండూ ఒకటేలా ఉన్నాయండీ, అన్నాడు. మళ్ళీ చూడండి అంది. మీకేది సులువైతే అది పెట్టండి, అన్నాడు. కళ్ళు మీవండీ, నాకు సులువేమిటి, అని నవ్వేసింది, ఆ చీకట్లో అతనూ నవ్వినట్టున్నాడు, ఫ్రేము కిందకి జారింది. చివరికి అక్షరాలు చదివించి చదివించి ఆమే ఒక నంబరు తేల్చింది. ఇప్పుడు అతని ముక్కు మీద ఉన్నవి ఆ అద్దాలే, కిటికీలో సముద్రం రెండు ముక్కలుగా వాటిలో ఊగుతోంది.

ఆ గొడుగుకి చిల్లు పడ్డది మాత్రం వదిన మాటతో. వదినంటే అతని అక్క, మనసులో ఏమీ పెట్టుకోని మనిషి, నోట్లో మాట నిలవదు. పెళ్ళయిన నాలుగోరోజు బట్టలు మడతపెడుతూ, “మావాడికి రెండు సంబంధాలు చెప్పామమ్మా, ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించా. ఏం మాట్లాడితేనా. నీ ఇష్టం అక్కా అనేసి స్నానానికి పోయాడు. వాడంతే, ఏది వడ్డిస్తే అది తింటాడు,” అని పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, మడత పెడుతున్న దుప్పటి అంచులు కలవక మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. ఏది వడ్డిస్తే అది. అంటే ఆ రెండో ఫొటోలో అమ్మాయి వడ్డించబడి ఉంటే, ఇవాళ ఈ కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుని, ఒళ్ళో ఇదే న్యాప్‌కిన్ వేసుకుని, మీకేం చెప్పమంటారు అని అడిగేది, ఇతను ఇదే గొంతుతో, ఇంతే మెత్తగా, నీ ఇష్టం అనేవాడు. తేడా ఏమీ ఉండేది కాదు. రెండూ ఒకటేలా ఉన్నాయండీ. ఇది చేదుగా అనుకోవలసినంత విషయమా, ఎందుకు పట్టించుకోవాలి, మనిషి బంగారం, గొంతెత్తడు, అన్నం తిన్న పళ్ళెం తనే కడుక్కుంటాడు, లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం, సాయంత్రానికి అలసిపోయి వచ్చినా తలుపు తియ్యగానే మొహం విప్పారుతుంది, ఇంకేం కావాలి. ఏమీ అక్కర్లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, రెండోది బాగుంది అంటే చాలు. లేదా మొదటిది. ఏదో ఒకటి. ఏదైనా ఇది నాకు కావాలి అనగలడని తెలిస్తే, తననీ అలా అనుకుని ఉండొచ్చని, కనీసం అలా అనుకోవడం చేతనైన మనిషేనని తెలుస్తుంది.

కాబట్టి ఇవాళ పరీక్ష చెయ్యాలి. ఎంత తేలిక, ఇన్నాళ్ళూ తట్టలేదు, ఒక్కో అద్దం పెట్టి చూసినట్టు ఒక్కో వంటకం అతని ముందు పెట్టి చూడటమే, నోటితో చెప్పకపోతే చెయ్యి చెబుతుంది. మెనూ నిటారుగా పట్టుకుని, గొంతు సవరించుకుని, సూపు, టమాటా, నిప్పుల మీద కాల్చిన బీట్‌రూట్ ముక్కలు, తర్వాత వెన్నలో వేయించిన చేప, మిరియాల కోడి, పైన పెచ్చుకట్టిన బంగాళాదుంపలు అని గుక్కతిప్పుకోకుండా చదివింది, వెయిటర్ సొట్టలు పడేలా నవ్వుతూ రాసుకున్నాడు, భర్త మాత్రం కళ్ళు పెద్దవి చేసి, “ఇన్నా?” అన్నాడు. “అన్నీ తినాలనేం లేదు,” అంది. “తినకపోతే పారేస్తారుగా,” అన్నాడు. ఆ గొంతులో కొంచెం బెంగ ఉంది, అది ఆమెకి తెలిసిన బెంగే, వాళ్ళమ్మ హాస్టల్లో వంటమనిషి, రెండు వందలమంది తిన్నాక మిగిలిందే వాళ్ళ ఇంటి భోజనం, అక్కడ ఏం కావాలని అడిగేవాళ్ళు ఉండరు, మిగిలితే అదృష్టం. ఇదంతా ఒకసారి నవ్వుతూనే చెప్పాడు. తినేటప్పుడు ఎడమ చెయ్యి ఇప్పటికీ పళ్ళెం చుట్టూ గోడలా ఉంటుంది, ఎవరూ లాక్కోరని తెలిసినా. ఈ ఓడలో ఆ చేతికి పని పడింది, ఎడమ చేతిలో ఫోర్కు, కుడి చేతిలో చాకు, గోడ కట్టడానికి చెయ్యి ఖాళీ లేదు.

గదిలో పెట్టిన కాగితాన్ని నిన్న మంచం మీద బోర్లా పడుకుని ఇద్దరూ పరీక్షకి చదివినట్టు చదివారు. బయటి వైపున్న ఫోర్కు ముందు, లోపలిది తర్వాత. రొట్టె ఎడమ పక్కది మనది, కుడి పక్కది పక్కవాళ్ళది. తినడం మధ్యలో ఆగితే చాకునీ ఫోర్కునీ ఎడంగా పెట్టాలి, తినడం అయిపోతే రెండింటినీ పక్కపక్కన చేర్చి పెట్టాలి, అది చూసి ప్లేటు తీసుకెళ్తారు. అది చదివి ఆమె ఎంత మురిసిపోయిందో, నోరు విప్పక్కర్లేదు, దూరం నుంచి చూసి చదివేసుకుంటారు, ఇంట్లో కూడా ఇలా ఏదైనా పెట్టుకుందామా, కోపం వస్తే గరిటె బోర్లా పెట్టాలి అంది, మరి ఆకలేస్తే అన్నాడు, అరిచి చెప్పాలి, అంది. కిటికీ బయట వెలుగు నారింజ తొక్కలా ఉంది, నీళ్ళ మీద కదిలీ కదలకుండా ఓడ పోతోంది, గ్లాసులో నీళ్ళు చూస్తేనే తెలుస్తుంది పోతున్నట్టు. సూపు వచ్చింది, టమాటా వచ్చింది, రెండూ నావే అని రెండు చేతుల మధ్యా పెట్టుకుని ఇటొక చెంచా అటొక ముక్కా తింటుంటే, చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళు ముగ్గురికీ ఒక ఐస్‌క్రీము కప్పు కొని గీత గీసి పంచిన నాన్న గుర్తొచ్చాడు, ఆ గీత ఎప్పుడూ ఆమె వైపుకే కరిగేది, నాన్నా చూడు అని గోల చేసి ఇంకో చెంచా రాబట్టేది, అడగడం ఆమెకి పుట్టుకతో వచ్చిన విద్య. అడగడం రానివాళ్ళు ఎలా బతుకుతారో.

బీట్‌రూట్‌తో సహా అసలు వంటకాలన్నీ ఒక్కసారే వచ్చాయి, టేబుల్ మీద గోరంత చోటు లేదు, పువ్వుల కుండీని వెయిటర్ కిటికీ గట్టు మీదకి చేర్చాడు. అన్నింట్లోంచీ కొంచెం కొంచెం అతని పెద్ద ప్లేటులోకి వడ్డించి, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది, చీకటిగదిలో కూర్చున్నట్టే. అతను ఒకసారి ప్లేటంతా చూశాడు, తర్వాత ఫోర్కు తిన్నగా బీట్‌రూట్ మీదకే పోయింది. ఆమె గుండె గంతేసింది. తెలుసు, నాకు తెలుసు, పదమూడు రోజులుగా నేను కనిపెట్టిన ఒకే ఒక్క సంగతి అదే కదా, కాపురం పెట్టిన మొదటిరోజు బీట్‌రూట్ వేపుడు చేస్తే మిగతా కూర ముట్టకుండా ముందు దాన్నే ఖాళీ చేశాడు, చూడగానే ఇంకో రెండు గరిటెలు వేసింది, అవీ ఖాళీ చేశాడు, మాట్లాడకుండా, వంచిన తల ఎత్తకుండా, అంత ఇష్టంగా ఎవరైనా తినడం ఆమె చూడలేదు, అందుకని మర్నాడు కాక ఆ మర్నాడు మళ్ళీ, ఆ తర్వాత తురిమి, ఆ తర్వాత ఉడకబెట్టి, కూరలమ్మే ఆవిడ కూడా కళ్ళెగరేసి, ఏంటమ్మా మీ ఇంట్లో కుందేలు గానీ ఉందా, అంది. ఇప్పుడు కూడా చూడు, ఎర్రటి ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి మాయమవుతున్నాయి, నమిలీ నమలకుండా మింగేస్తున్నాడు. వెయిటర్ అటుగా పోతుంటే చెయ్యెత్తి, “ఇంకో ప్లేటు బీట్‌రూట్,” అంది గర్వంగా. వచ్చింది. అతను దాన్ని ఒక్క క్షణం చూశాడు. తిన్నాడు. మంచినీళ్ళు తాగాడు. తర్వాత కోడి, దాన్ని కొంచెం నెమ్మదిగా, తర్వాత బంగాళాదుంపలు, ఇంకా నెమ్మదిగా. చేప మాత్రం, వెన్నలో వేగి అంచులు కరకరలాడుతున్న ముక్క, దాన్ని ప్లేటు చివరకి జరిపేశాడు, మెత్తటి భాగం మాత్రం కొద్దిగా తీసి రుచి చూసి ఆ కరకరలాడే భాగాన్ని ముట్టనే లేదు, నచ్చలేదన్నమాట, సరే, చేప కొట్టెయ్, బీట్‌రూట్‌కి నూటికి నూరు, అని మనసులోనే చీటీ మీద రాసేసుకుంది. కానీ గెలిచినట్టు లేదు. ఎందుకో. బీట్‌రూట్ ఇష్టమైన మనిషి మొహం బీట్‌రూట్ తింటున్నప్పుడు ఇలా, బస్సు కోసం నిలబడ్డవాడిలా ఉంటుందా.

అప్పుడే పక్క టేబుల్ మామ్మగారు, “అయ్యో అయ్యో, కదలకండి, ఎవరూ కాళ్ళు కదపకండి,” అంది. ఆవిడ కళ్ళజోడు ఒక కాడ ఊడి ఒళ్ళో పడింది, స్క్రూ ఎక్కడికో దొర్లిపోయింది, తాతగారు టేబుల్ కిందకి వంగి, “నిన్న కూడా చెప్పాను, వదులైంది, బాగు చేయించుకోవే అని, వింటే కదా,” అంటున్నాడు, “మీరు చెప్పినవన్నీ వింటే నా చెవులు ఊడతాయి,” అంటోంది ఆవిడ. ఇది నా పని కదా అని ఆమె లేవబోయింది, కానీ స్క్రూ బిగించే పనిముట్లు షాపులో ఉన్నాయి, ఉత్త చేతులతో ఏం చేస్తుంది, అంతలోనే భర్త చాకునీ ఫోర్కునీ ప్లేటులో పెట్టి లేచాడు. కార్పెట్ మీద మోకాలు ఆనించి అరచేత్తో ఒకసారి అలా నిమిరి, నువ్వుగింజంత స్క్రూని వేలి కొన మీద అంటించుకుని తెచ్చాడు. కోటు జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు, దానికి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు వేలాడుతోంది, ఆమె దాన్ని ఇంతకుముందు చూడనేలేదు, లిఫ్టులంటే ఆమెకి తెలిసినవి ఇనుపతాళ్ళూ చక్రాలే. “లిఫ్టులో బటన్ల పలక విప్పడానికండీ, ఎప్పుడూ ఉంటుంది,” అంటున్నాడు తాతగారితో. కాడని కలిపాడు, స్క్రూ నిలబెట్టాడు, నాలుగు తిప్పులు, అంతే, అరనిమిషం కూడా కాలేదు, ఆ పని ఆమె మూడేళ్ళుగా చేస్తోంది, అంత తేలిగ్గా ఎప్పుడూ చెయ్యలేదు. మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని అతని మొహం చూసి, “బంగారుకొండ,” అంది, “మా ఆయనా ఉన్నాడు, యాభై ఏళ్ళుగా బల్బు మార్చమంటున్నా.”

అరనిమిషం. ఎప్పుడూ జేబులో ఉండే స్క్రూడ్రైవరు. ఆమె చేతిలో ఫోర్కు గాల్లోనే ఆగింది. కొత్త కళ్ళజోడు తీసుకెళ్ళిన వారానికే మళ్ళీ వచ్చాడు, కాడ వదులైంది, స్క్రూ బిగిస్తారా అని. పది రోజులకి మళ్ళీ. ఇంకో పది రోజులకి మళ్ళీ. ప్రతిసారీ ఆమె బల్ల దగ్గర దీపం వెలిగించి, కంట్లో భూతద్దం పెట్టుకుని బిగిస్తుంటే ఎదురుగా బల్లమీద రెండు చేతులూ పెట్టుకుని బుద్ధిగా నిలబడేవాడు. మూడోసారి అత్తయ్య, “ఆ ఫ్రేము కంపెనీవాళ్ళకి ఉత్తరం రాయాలే, స్క్రూలు ఇంత నాసిరకమైతే ఎలా,” అంది, అంటూ ఎందుకో తెగ నవ్వింది, నువ్వెళ్ళి వెనక గదిలోంచి కొత్త స్క్రూల డబ్బా వెతుకు అని పంపింది, ఆ డబ్బా ఎంతకీ దొరకలేదు, తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఏదో మాట్లాడుకుని ఆపేసినట్టున్నారు. తర్వాత నెలకే సంబంధం మాట వచ్చింది. ఆమె భర్త వంక చూసింది, అతను తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడు, న్యాప్‌కిన్ ఒళ్ళో వేసుకున్నాడు, చేతులు రెండూ ముందుకి చాపాడు, ఆగిపోయాడు. ప్లేటు లేదు.

చాకునీ ఫోర్కునీ పక్కపక్కన పెట్టి లేచాడు కదా. పనిముట్లు ఎప్పుడూ అలాగే పెడతాడు, ఇంట్లో దువ్వెనా, టూత్‌బ్రష్షూ, పెన్నూ, అన్నీ పరేడులో నిలబెట్టినట్టు పక్కపక్కన, అది లిఫ్టుల పనిలో వచ్చిన అలవాటు. సొట్టబుగ్గల వెయిటర్ దూరం నుంచి దాన్ని చదివాడు, తినడం అయిపోయిందనుకున్నాడు, అసలే టేబుల్ మీద చోటు లేదు, ఎవరివల్ల, ఆమెవల్లే, ఖాళీ ప్లేట్లతో పాటు దాన్నీ చప్పుడు లేకుండా ఎత్తుకుపోయాడు. తెల్లటి బట్ట మీద ప్లేటు ఉన్నచోట గుండ్రంగా వెచ్చటి మచ్చ మాత్రం మిగిలింది. ఆ మచ్చ వంక చూస్తున్న అతని మొహంలో, ఒక్క క్షణమే, ఆమె ఎప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది, ఐస్‌క్రీము గీత తన వైపుకి కరిగిపోయిన పిల్లవాడి మొహం. మరుక్షణం సర్దేసుకున్నాడు. “పర్లేదు, కడుపు నిండింది,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

కరకరలాడే ముక్క. నచ్చక జరిపాడనుకుంది, చివరికని దాచుకున్నాడు. ఇష్టం లేనిదాన్ని ముందే మింగేసి, ఇష్టమైనదాన్ని ఆఖరికి, తీరిగ్గా, నోట్లో రుచి మిగిలేలా తినాలని. అంటే ముందు తిన్నది. అంటే మొదటిరోజు వేపుడు. తురిమింది. ఉడకబెట్టింది. ఆమెకి చెవులు వేడెక్కాయి.

“మీకు బీట్‌రూట్ ఇష్టమేనా?”

“బాగానే ఉంటుంది.”

“అలా కాదు,” అంది ఆమె, ముందుకి వంగి, చీకటిగదిలో వాడే గొంతుతో, “ఇష్టమా, కాదా. ఒకటే చెప్పాలి.”

అతను కళ్ళజోడు తీసి న్యాప్‌కిన్‌తో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. “మట్టి నమిలినట్టుంటుంది,” అన్నాడు.

“మరి తొందర తొందరగా తినేసేవారుగా.”

“అయిపోతుందని.”

“అయిపోయిందనే కదా నేను మళ్ళీ వేసింది.”

“నువ్వు మళ్ళీ వేస్తున్నావనే కదా ఇంకా తొందరగా తిన్నాను.”

నవ్వు ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో, న్యాప్‌కిన్ నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు ఊగుతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కూడా వచ్చాయి, అవి నవ్వుకి వచ్చినవో కాదో ఆమెకే తెలీదు, పదమూడు రోజులు, ఎన్ని గరిటెలు, పాపం ఎంత మట్టి. మామ్మగారు ఇటు తిరిగి చూసి తాతగారికి మోచేత్తో పొడిచింది. అప్పుడే వెయిటర్ వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని, “ఇంకేమైనా తెమ్మంటారా సార్, లేక తీపి తెచ్చేదా?” అన్నాడు. ఆమె నోరు తెరుచుకుంది. చేప, ఆ చేపే ఇంకొకటి, అంచులు బాగా వేగినది, అన్న మాటలన్నీ నాలుక చివర వరసలో నిలబడ్డాయి. అడగడం ఎంతసేపు. నిన్నటిదాకా అయితే అడిగేసేది, అడిగి, వడ్డించి, తింటుంటే చూసి మురిసిపోయేది. నాలుకని పళ్ళ మధ్య నొక్కిపెట్టింది. నొప్పెట్టింది. టేబుల్ కింద అతని బూటు మీద తన కాలు ఆనించింది, తొక్కలేదు, ఆనించింది అంతే. నువ్వు అడుగు. మీరు అనడం కూడా మర్చిపోయింది మనసులో. అడుగు, ప్లేట్లు ఎత్తుకుపోయేవాళ్ళకి నీ జేబులో మాట వినపడదు, అడుగు. ఎక్కడో చెంచా గ్లాసుకి తగిలి టింగుమంది. అతను మెనూ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, కొత్త లిఫ్టు మొదటిసారి నడిపేముందు అలాగే నిలబడతాడేమో.

“ఆ చేప,” అన్నాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. “నేను తినడం అవ్వలేదండీ. అలవాటుగా రెండూ పక్కన పెట్టేశాను. ఇంకొకటి తెస్తారా. అంచులు కొంచెం... కరకరలాడేలా.”

“ఎందుకు తేను సార్,” అన్నాడు వెయిటర్, మహా సంతోషంగా వెళ్ళిపోయాడు, అంతే, భూకంపం ఏమీ రాలేదు. అతను కూర్చున్నచోటే ఊపిరి వదిలాడు, చెమట పట్టిన నుదురు తుడుచుకున్నాడు, మొహం మాత్రం, తలుపు తియ్యగానే విప్పారినట్టు విప్పారుతోంది. ఇప్పుడు అడగాలి, ఇప్పుడైతేనే, చేప వచ్చేలోపు, ఆమె టేబుల్ బట్ట మీద వేలితో గీత గీస్తూ అంది, “నా చేతిలో మూడుసార్లు బిగించిన స్క్రూ మూడుసార్లు ఎలా వదులైంది?”

అతను జేబు తడుముకున్నాడు, దొంగసొత్తు అందులోనే ఉన్నట్టు. “వదులవ్వలేదు,” అన్నాడు. “వీధి చివర నిలబడి వదులు చేసుకుని వచ్చేవాణ్ణి. మీ అత్తయ్య మొదటిసారే పట్టేసింది.”

“మరి వదిన ఫొటోలు చూపిస్తే నీ ఇష్టం అక్కా అన్నారట.”

“అన్నాను.” అద్దాల వెనక కళ్ళు కిందకి వాలాయి. “అక్క రెండు ఫొటోలూ పట్టుకుని ఏదిరా అంటే, నోట్లోంచి అదే వచ్చింది. ఎప్పుడూ వచ్చేది అదే కదా. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు నేనే వెళ్ళి, అక్కా, ఆ కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి సంగతి ఏం చేశావు అని అడిగాను. అక్కకి అదేమంత గుర్తుండదులే, చేతులు కందిపోయేలా పిండి రుబ్బుతోంది అప్పుడు. నాకు గుర్తుంది.”

రెండు రోజులు. రెండు రోజులు ఆమె ప్లేటు అంచున ఉంది, ఎవరైనా వచ్చి ఎత్తుకుపోయేవాళ్ళే, వదిన ఆ రెండో ఫొటోవాళ్ళకి కబురు పంపి ఉంటే, ఆ రోజుల్లో ఆమె ఏం చేస్తోంది, ఏమీ తెలీకుండా షాపులో ఇది బాగుందా, ఇది బాగుందా అనుకుంటూ, ఇక్కడ ఒక మనిషి అన్నం మానేసి, పుట్టినప్పటినుంచీ అడగని మనిషి, పిండి రుబ్బుతున్న అక్క ముందుకెళ్ళి నిలబడి. చేప వచ్చింది. పొగలు కక్కుతోంది, అంచులు రాగిరంగులో వంకీలు తిరిగి ఉన్నాయి. అతను చాకు పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించి, మెత్తటి భాగాన్ని వదిలేసి, కరకరలాడే అంచుని కోసి ముందు దాన్నే నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆమెకి పెట్టలేదు, నీకు కావాలా అని కూడా అనలేదు, ఆమె జన్మలో ఎవరినీ అంత ప్రేమగా చూడలేదు. బయట వెలుగు అయిపోవచ్చింది, కిటికీలో ఇప్పుడు సముద్రానికి బదులు వాళ్ళిద్దరే కనిపిస్తున్నారు, మధ్యలో పువ్వుల కుండీ.

ముక్క మింగి, చాకునీ ఫోర్కునీ జాగ్రత్తగా, ఎడంగా, ఇంట్లో దెబ్బలాడుకుని చెరో గోడవైపు తిరిగిన మొగుడూ పెళ్ళాల్లా పెట్టి, “రేపు ఆరున్నరకే వద్దాం,” అన్నాడు. “మెనూ నాకివ్వు. రేపు ఆర్డరు నేనే ఇస్తాను, నీక్కూడా.”

“నాకేం కావాలో మీకెలా తెలుసు?”

“తెలీదుగా. ఒక్కొక్కటే చదువుతాను, ఇదా, ఇదా అని అడుగుతాను.” ఆమె కాలి కిందనుంచి తన బూటు తీసి, ఆ కాలి పక్కనే పెట్టాడు. “నువ్వు మాత్రం రెండూ ఒకటే అనకూడదు.”